ముద్దలో ముల్లు తెలీని చెయ్యి: ఒక గ్రేడింగ్ కూలీ స్ట్రోక్ కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజుల్నించి అనుకుంటున్నా. చెయ్యి పడిపోయిన స్ట్రోక్ పేషెంట్‌ని ఎవరైనా గుర్తుపడతారు, చెయ్యి బాగానే లేస్తూ స్పర్శ మాత్రం పోయిన పేషెంట్‌ని మనం చూసీ చూడనట్టు పంపించేస్తున్నాం. ఈమె విషయంలో నేను కూడా మొదటిసారి అదే చేశా, దానివల్ల రెండు వారాలు ఊరికే పోయాయి. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, రాయడానికి ఆమె, ఆమె కొడుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇక్కడ పెద్దమ్మ అనే రాస్తా, నేను పిలిచేది అట్టాగే.

పెద్దమ్మకి 52 ఏళ్ళు, ఒంగోలు దగ్గర టంగుటూరు వైపు పల్లె, కుడిచేతి వాటం. పాతికేళ్ళ పైనే పొగాకు గ్రేడింగ్ పనికి పోతోంది. ఈ పని తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, బ్యారన్లో (ఆకు కాల్చే కొట్టంలో) క్యూరింగ్ అయిన వర్జీనియా పొగాకుని మండె (పెద్ద కుప్ప) వేసి, పదును మీద, అంటే కొంచెం తేమతో మెత్తగా ఉన్నప్పుడు ఆడోళ్ళు షెడ్డులో కూర్చుని ఒక్కో ఆకూ విడదీసి రంగుని బట్టి, మచ్చని బట్టి, మందాన్ని బట్టి వేరువేరు కుప్పలు వేస్తారు, ఆ కుప్పలే బేళ్ళయ్యి వేలం కేంద్రానికి పోతాయి. రంగూ మచ్చా కళ్ళు చూస్తాయి. ఆకు మందంగా ఉందా పల్చగా ఉందా, పదును ఎక్కువైందా, ఎండిపోయి పొడి అయ్యేలా ఉందా, ఇవన్నీ వేళ్ళు చెప్పాల్సిందే. అనుభవం ఉన్న మనిషి పక్కనోళ్ళతో కబుర్లు చెప్తూనే ఈ పని చేసేస్తది, చేతివైపు చూడదు కూడా.

షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, బీపీ మాత్ర మధ్యలో మానేసింది. డిసెంబర్లో ఒకరోజు పొద్దున కుడిచెయ్యి తిమ్మిరెక్కి మాట తడబడితే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మాట రెండో రోజుకే సర్దుకుంది. ఎమ్మారైలో మెదడు ఎడమ పెరైటల్ లోబ్‌లో, స్పర్శ చేరే మడత అయిన పోస్ట్ సెంట్రల్ గైరస్‌లో చెయ్యి భాగం దగ్గర చిన్న ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోటు. డిశ్చార్జి కాగితంలో పవర్ 5/5, అంటే బలం పూర్తిగా ఉంది అని రాశారు. స్ట్రోక్ వచ్చిన ఆరు వారాలకి నా దగ్గరికొచ్చారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చెప్పింది ఒక్కటే, "చెయ్యి నా మాట వినట్లా అమ్మా, గ్లాసు జారిపోతాంది". నేను గ్రిప్ చూశా, కుడి 19 కిలోలు, ఎడమ 20. టోన్ (కండరాల బిగువు) నార్మల్. వేలితో ముక్కు ముట్టుకోమంటే కళ్ళు తెరిచి చక్కగా ముట్టుకుంది. కళ్ళు మూయించి దూది తాకిస్తే "తగిలింది" అంది. అంతే, సెన్సేషన్ నార్మల్ అని రాసేసి, బాల్ నొక్కే ఎక్సర్‌సైజులు నేర్పించి రెండు వారాల తర్వాత రమ్మన్నా. దూది తగిలిందా అని అడగడమంటే ఆకు షెడ్డుకి చేరిందా అని అడిగినట్టే. ఆ ఆకు గ్రేడ్ అయిందా లేదా అన్నది నేను అడగనే లేదు.

రెండోసారి వచ్చినప్పుడు అసలు విషయం కోడలు చెప్పింది. "మా అత్తమ్మ చేపలు తినడం మానేసింది మేడం. ప్రాణం అత్తమ్మకి చేపల పులుసంటే. ఇప్పుడు నేను ముళ్ళు తీసి పెడితే తింటది, లేకపోతే పప్పే పెట్టమంటది." ఎందుకు పెద్దమ్మా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. ఒకరోజు పులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతులో ముల్లు గుచ్చుకుందంట, తీసి చూస్తే చూపుడు వేలంత ముల్లు. "ఎన్నేళ్ళనించి తింటన్నా, ముల్లు నోటిదాకా ఎప్పుడన్నా వచ్చిందా? వేళ్ళకే దొరికిపోయేది. ఇప్పుడు ముద్దలో ఏముందో చేతికి తెలీట్లా. కళ్ళు మూసుకుంటే ఈ చెయ్యి లేనట్టే ఉంటదమ్మా."

ఇదొక్కటీ వింటే చాలు, డయాగ్నోసిస్ సగం అయిపోయినట్టే. ముద్దలో కలిసిపోయిన ముల్లు కంటికి కనపడదు. మెత్తటి అన్నం మధ్యలో, పులుసు జారుడులో, సన్నటి గట్టి పుల్లలాంటిదాన్ని వేళ్ళు కదిలిస్తూ కదిలిస్తూ వేరు చేసి పట్టుకోవాలి. మనందరం చిన్నప్పటి నుంచి చేస్తున్న పని కాబట్టి ఇది ఎంత పెద్ద పనో మనకి తెలీదు. ఇంకో సంగతి, కొడుకు నన్ను పక్కకి పిలిచి "అమ్మ కావాలనే చెయ్యట్లేదేమో మేడం, పవర్ ఫుల్లుగా ఉందన్నారు కదా, నాన్న పోయినప్పట్నించి కొంచెం దిగులుగానే ఉంటది" అన్నాడు. అతని తప్పేం లేదు, అందరూ చెయ్యి బాగుంది అని చెప్తుంటే అట్టా అనుకోక ఏమనుకుంటాడు.

ఆ రోజు గంటన్నర కూర్చుని మళ్ళీ మొదట్నించి పరీక్ష చేశా. కళ్ళకి గుడ్డ కట్టి, ప్రతిదీ ముందు ఎడమ చేతికి, తర్వాత కుడి చేతికి. గ్రేడింగ్ చేసిన చేతులు కదా, రెండు చేతుల చర్మమూ మందమే, అందుకే పుస్తకంలోని నార్మల్ విలువలతో పోల్చకుండా ఆమె ఎడమ చేత్తోనే పోల్చాలి. దూది, సూది మొన, చల్లది వేడిది, ఇవి రెండు చేతులకీ తెలుస్తున్నాయి. 128 ట్యూనింగ్ ఫోర్క్ ఆనిస్తే దాని అదురు కుడి వైపు కొంచెం తక్కువ తెలుస్తోంది. చూపుడు వేలు చివరి కణుపు పట్టుకుని పైకా కిందకా అంటే కుడి చేతికి 10లో 6 కరెక్టు, పైకో కిందకో ఊరికే ఊహించి చెప్పినా 5 వస్తాయి కదా, అంటే దాదాపు తెలీనట్టే. జెమ్ క్లిప్పు వంచి రెండు మొనలతో వేలి చివర తాకిస్తే ఎడమ చేతికి 4 మిల్లీమీటర్ల దూరంలోనే రెండని తెలిసింది, కుడి చేతికి 12 పెట్టినా ఒకటే అంటోంది. ఆరోగ్యంగా ఉన్న వేలి చివర 2 నుంచి 4 మిల్లీమీటర్లకే తెలుస్తుంది. అరచేతిలో పెన్ను మూతతో అంకె రాస్తే ఎడమ చేతికి అన్నీ చెప్పింది, కుడి చేతికి "ఏదో గీస్తన్నావు" అంది. రెండు చేతులూ ముందుకు చాపి కళ్ళు మూసుకోమంటే కుడి చేతి వేళ్ళు వాటంతట అవే మెల్లగా లేస్తూ దిగుతూ పాకుతున్నట్టు కదిలాయి, ఆమెకి ఆ కదలిక తెలీనే తెలీదు, కొడుకు చూసి భయపడ్డాడు.

తర్వాత వస్తువులు. తాళంచెవి, రూపాయి బిళ్ళ, పిన్నీసు, చింతగింజ, చొక్కా గుండీ, అగ్గిపెట్టె, స్పూను, పెన్ను మూత, దారపుండ, వెల్లుల్లి రెబ్బ. ఎడమ చేతికి పదికి పది, ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. కుడి చేతిలో పెడితే పిడికిలి బిగించి అట్టాగే కూర్చుంది. "ఏదో ఉంది. గట్టిగా ఉంది. చల్లగా ఉంది. ఏందో తెలీట్లా." అది తాళంచెవి. పదింట్లో ఒక్కటే చెప్పింది, వెల్లుల్లి. అది కూడా వాసనతో చెప్పిందని నాకు తర్వాత వెలిగింది, చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది నేను చూస్తుండగానే. అంటే అసలు స్కోరు సున్నా. వెల్లుల్లి తీసేసి గవ్వ పెట్టా, అది కూడా తెలీలేదు. మాట పోవడం వల్ల పేరు చెప్పలేకపోతోందా అనే అనుమానం రాకుండా అవే వస్తువుల జతలు ఎదురుగా పరిచి, కళ్ళ గుడ్డ విప్పి, ఇందాక చేతిలో ఉన్నది ఇందులో ఏదో వేలు పెట్టి చూపించు అన్నా. చూపించలేకపోయింది. చూసి మాత్రం అన్నిటి పేర్లూ గడగడా చెప్పేసింది. అంటే పోయింది మాట కాదు.

షుగర్ పేషెంట్ కాబట్టి న్యూరోపతీ (నరాలు దెబ్బతినడం) ఏమో, రోజంతా వేళ్ళతో పని కాబట్టి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో అని కూడా ఆలోచించా. షుగర్ వల్ల అయితే ముందు కాళ్ళకి రావాలి, రెండు పక్కలా రావాలి, ఈమె పాదాలు బానే ఉన్నాయి. మణికట్టు దగ్గర నొక్కుకునే ఆ మీడియన్ నరం సమస్య అయితే చిటికెన వేలు వదిలేస్తది, ఈమెకి ఐదు వేళ్ళూ ఒకటే తీరు. పైగా నరం దెబ్బతింటే దూది, సూది కూడా తగ్గాలి. ఇది చేతి జబ్బు కాదు. చర్మం బాగుంది, నరం బాగుంది, వెన్నుపాము బాగుంది. పోయింది పైన, స్పర్శని పోగు చేసి అర్థం చేసుకునే చోట.

కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పింది ఇక్కడ కూడా చెప్తా, ఎందుకంటే ఇది అర్థమైతేనే ట్రీట్‌మెంట్ ఎందుకు అట్టా ఉందో అర్థమవుతుంది.

ఒక అరచేతి వైపు చర్మంలో స్పర్శ మోసుకెళ్ళే నరపు పోగులు సుమారు 17,000 ఉంటాయని స్వీడన్‌లో యోహాన్సన్, వాల్‌బో 1979లో లెక్క కట్టారు. వీటి చివర్లలో ముఖ్యంగా నాలుగు రకాలు. మెర్కెల్ అనేవి అంచునీ ఆకారాన్నీ పట్టుకుంటాయి, ఆకు మీద ఈనె గట్టుగా తగిలేది వీటికే. మైస్నర్ అనేవి జారుడుని పట్టుకుంటాయి, గ్లాసు వేళ్ళ మధ్య వెంట్రుకంత కదిలినా ఇవి మేలుకుంటాయి. లోతుగా ఉండే పసీనియన్లు సన్నటి అదురుకి స్పందిస్తాయి, సెకనుకి 200, 300 సార్లు అదిరే అదురు కూడా వీటికి తెలుస్తుంది, నున్నటి బట్టకీ కొంచెం గరుకు బట్టకీ తేడా వేలు రుద్దితేనే తెలిసేది అందుకే, రుద్దకపోతే అదురు పుట్టదు. రఫిని అనేవి చర్మం సాగడాన్ని చెప్తాయి. నొక్కుడుని కరెంటు సంకేతంగా మార్చే పీజో2 అనే ప్రోటీన్‌ని కనిపెట్టిన ఆర్డెమ్ పాటపూటియన్‌కే 2021 నోబెల్‌లో సగం వచ్చింది.

ఇప్పుడు దారి. సంకేతం మందపాటి పోగుల్లో సెకనుకి 35 నుంచి 75 మీటర్ల వేగంతో చెయ్యి ఎక్కి, వెన్నుపాములో వెనక దారిన అదే పక్కన పైకి పోయి, మెదడు అడుగున ఉండే మెడుల్లాలో క్యూనియేట్ అనే మజిలీలో ఇంకో నరానికి అందుకుని, అక్కడే పక్క మారి ఎడమ వైపుకి వచ్చి, మెదడు లోపల థలామస్ అనే ఇంకో మజిలీ మీదుగా పోస్ట్ సెంట్రల్ గైరస్‌కి చేరుతుంది. నొప్పి, వేడి, చల్లదనం మాత్రం వేరే దారి, అవి వెన్నుపాములోనే పక్క మారిపోతాయి, పైకి పోయాక కూడా ఒక్కచోట కాకుండా మెదడులోనే ఇన్సులా లాంటి వేరే చోట్లకి కూడా పంచుకుంటాయి. అందుకే పెద్దమ్మకి సూది మొన తెలుస్తోంది, వేడి తెలుస్తోంది, తాళంచెవి తెలీట్లేదు.

ఆ గైరస్ మీద ఒంటి మ్యాప్ ఉందని పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ 1937లో ఆపరేషన్ టేబుల్ మీద మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడు మీద సన్నటి కరెంటు పెట్టి చూసి రాశారు. వీపంతటికీ కొంచెం చోటు, పెదాలకీ వేళ్ళకీ చాలా చోటు. ఆ చోటులో కూడా పని ఒక్కసారిగా జరగదు. మొదట 3బి అనే భాగానికి వస్తుంది, అక్కడి నుంచి ఏరియా 1, ఏరియా 2. కోతుల మీద చూసిన దాన్ని బట్టి ఏరియా 1 దెబ్బతింటే గరుకు నునుపు తేడా పోతుంది, ఏరియా 2 దెబ్బతింటే ఆకారం, సైజు పోతుంది, 3బి పోతే రెండూ పోతాయి. వేళ్ళ కీళ్ళు ఎంత వంగి ఉన్నాయి, చర్మానికి ఏం తగిలింది, ఈ రెండూ కలిస్తేనే ఇది గుండ్రంగా ఉంది, ఇంత ఉంది అని తెలిసేది. ఏ ఒక్క వేలికీ తాళంచెవి మొత్తం తగలదు కదా, ముక్కలు ముక్కలుగా వచ్చినదాన్ని మెదడు కుట్టాలి.

కొడుక్కి వెంటనే ఎక్కింది మాత్రం వేరే మాట. మీ అమ్మ చేతి నుంచి ఆకు వస్తానే ఉంది బాబూ, లారీ కూడా షెడ్డు దాకా వస్తోంది, షెడ్డులో గ్రేడ్ చేసే వాళ్ళలో సగం మంది లేరు, అందుకే అన్ని ఆకులూ ఒకే కుప్పలో పడుతున్నాయి, అన్నా. అతను వాళ్ళమ్మ వైపు చూశాడు, ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్క సెషన్ కూడా మిస్ కాకుండా బండి మీద అతనే తీసుకొచ్చాడు.

గ్లాసు సంగతి కూడా దీంట్లోదే. మనం గ్లాసు పట్టుకున్నప్పుడు అది జారకుండా ఉండటానికి ఎంత కావాలో అంతకన్నా కొంచెమే ఎక్కువ నొక్కుతాం, కొద్దిగా జారబోతే సెకనులో పదో వంతు లోపలే వేళ్ళు వాటంతట అవే బిగుస్తాయి, ఇది యోహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లో చూపించారు. ఆ జారుడు కబురు పైన సరిగ్గా అందని పెద్దమ్మ అయితే గ్లాసుని నలిపేసేలా పట్టుకుంటోంది, లేకపోతే చూపు పక్కకి తిప్పగానే వదిలేస్తోంది. నేనేమో బాల్ ఇచ్చి ఇంకా గట్టిగా నొక్కమన్నా.

ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. మనవడు ముంజేతి మీద చెయ్యేసి నిమిరితే ఎప్పటిలాగే హాయిగా ఉందంది. వెంట్రుకలున్న చర్మంలో సీ టాక్టైల్ అనే సన్నటి పోగులుంటాయి, మెల్లగా నిమిరితే మేలుకుంటాయి, వాటి దారి ఇన్సులా వైపు. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఆమెకి కూడా చెప్పా, చెయ్యి లేనట్టు కాదు పెద్దమ్మా, చూడు ఇది ఉంది అని.

ట్రీట్‌మెంట్‌కి ఆధారం ఆస్ట్రేలియాలో లీయన్ కేరీ బృందం స్ట్రోక్ పేషెంట్ల కోసం తయారు చేసిన సెన్స్ అనే పద్ధతి, 2011లో వాళ్ళ ట్రయల్ వచ్చింది. దాని ప్రాణం ఏంటంటే ఊరికే చేతికి ఏదో ఒకటి రుద్దడం కాదు, బ్రష్షులతో రుద్దితే స్పర్శ వస్తదని మన దగ్గర చాలామంది చేసే పని అది, దానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ పేషెంట్ కళ్ళు మూసుకుని, వేళ్ళు కదిలించి, ఏంటో తేల్చి చెప్పాలి, తర్వాత కళ్ళు తెరిచి చూడాలి, మంచి చేత్తో పట్టుకుని పోల్చాలి, మళ్ళీ కళ్ళు మూసుకుని దెబ్బతిన్న చేత్తో పట్టుకోవాలి. తేలికైన తేడాలతో మొదలుపెట్టి మెల్లమెల్లగా సన్నటి తేడాలకి పోవాలి. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, 8 వారాలు పెట్టా. ఇంట్లో రోజుకి రెండుసార్లు 20 నిమిషాలు.

మొదటి రెండు వారాలు సరిగ్గా నడవలేదు. నేను మూడు రకాల గరుకు కాగితాలు, చెక్క ముక్కలు, ప్లాస్టిక్ ఆకారాలు పెట్టా. పెద్దమ్మ చేసేది కానీ మనసు పెట్టేది కాదు. ఇంట్లో అసలు చెయ్యట్లేదని కోడలు చెప్పింది. "చిన్నపిల్లల ఆటలు ఆడిస్తన్నావమ్మా నాతో" అంది ఒకరోజు, గొంతులో బాధ ఉంది. నాకు సమాధానం రాలేదు. పాతికేళ్ళు వేళ్ళ మీద బతికిన మనిషికి నేను చదరం ముక్కా గుండ్రం ముక్కా అని అడుగుతున్నా.

మూడో వారం తనే చీర కొంగులో చుట్టి ఆకులు తెచ్చింది. పక్కింటోళ్ళ షెడ్డులోవి, ఆరో ఏడో ఉంటాయి, కొన్ని మందం కొన్ని పల్చన. సరే ఇవే పెడదాం అన్నా. కళ్ళు మూసుకుని కుడి చేత్తో చెప్పమంటే వరసగా మూడు కరెక్టుగా చెప్పింది. నాకు ఆశ్చర్యమేసింది, ఒక్కసారిగా ఎట్టా వచ్చిందని. నాలుగోది ఇచ్చినప్పుడు జాగ్రత్తగా చూస్తే ఆకుని చిన్నగా నలిపి చప్పుడు వింటోంది, పల్చటి ఎండాకు గలగలమంటది, మందపాటి పదునాకు అనదు. వాసన కూడా తేడానే. ఒక దారి పోతే మెదడు పక్కన ఇంకో దారి వెతుక్కుంటది, అది దాని మంచితనం, కానీ మనకి కావాల్సింది స్పర్శ దారి. చెవుల్లో దూది పెట్టి, ఫ్యాన్ వేసి, మళ్ళీ ఇస్తే ఒక్కటి కూడా చెప్పలేకపోయింది.

అప్పుడు ఎడమ చేతికి ఇచ్చా, ఇచ్చి ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నా. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. ఎడమ బొటనవేలు ఆకు పైన, చూపుడు వేలు కింద. మధ్య ఈనె దగ్గర మొదలుపెట్టి, రెండు వేళ్ళనీ ఒకదాని మీద ఒకటి చాలా మెల్లగా జార్చుకుంటూ అంచు దాకా పోయింది, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి కొసని చిన్నగా లాగింది, మళ్ళీ ఈనెకి వచ్చింది. నొక్కుడు ఎంత తక్కువంటే ఆకు మీద గీత కూడా పడలేదు. కుడి చెయ్యి అదే ఆకుని అరచేతిలో పెట్టుకుని బిగించి కూర్చుంటోంది. లెడర్‌మన్, క్లాట్జ్‌కీ 1987లో ఇదే చెప్పారు, మనిషి చెయ్యి ఏం తెలుసుకోవాలనుకుంటే దానికి తగ్గ కదలిక చేస్తది అని, గరుకు కోసం పక్కకి రుద్దుతుంది, గట్టిదనం కోసం నొక్కుతుంది, బరువు కోసం ఎత్తి చూస్తుంది, ఆకారం కోసం అంచు వెంబడి పోతుంది. చదివా, పరీక్షల్లో రాశా కూడా. కానీ పెద్దమ్మ కుడి చెయ్యి అడగడమే మానేసిందని, ఏదో వస్తదిలే అని పిడికిట్లో పెట్టుకుని ఎదురుచూస్తోందని ఆ రోజే కనపడింది.

పెద్దమ్మా, నీ ఎడమ చెయ్యి ఏం చేస్తోందో నువ్వే చెప్పు అన్నా. ఆమెకే తెలీదు, ఎప్పుడూ గమనించలేదు. రెండు మూడుసార్లు మెల్లగా చేసి, "ఈనె నించి అంచుకి పోతన్నా... కొస లాగి చూస్తన్నా" అంది. సరే, ఇప్పుడు నువ్వు మేస్త్రీవి, నీ కుడి చెయ్యి కొత్తగా పనికొచ్చిన పిల్ల, దానికి నేర్పించు అన్నా. అక్కడ్నించి ఆమె తీరే మారిపోయింది. కుడి చేతితో మాట్లాడేది, "నొక్కబాకే, జార్చు" అనేది. ఇంట్లో చెప్పకుండానే గంట గంట కూర్చునేదంట. మొదట ఆకుకీ గోనెపట్టాకీ తేడా, తర్వాత మందపాటి ఆకుకీ పల్చటి ఆకుకీ, తర్వాత ఒకే రకంలో పదును ఎక్కువ తక్కువ. చీర జరీ అంచు ఎక్కడ మొదలవుతుందో వెతకడం, జాకెట్ హుక్కు, బియ్యంలో దాచిన చింతగింజ. ఆకు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం ఖచ్చితంగా చేయించా. పొయ్యి దగ్గర కొన్నాళ్ళు ఎడమ చేత్తోనే గిన్నె ముట్టుకోమన్నా, వేడి తెలుస్తున్నా చెయ్యి ఎక్కడుందో తెలీనప్పుడు కాలే ప్రమాదం ఉంటుంది.

ఇంత సాధన ఎందుకు మేడం, మందేదన్నా లేదా అని కొడుకు అడిగాడు. మెర్జెనిక్ బృందం 1984లో కోతుల్లో చూపించిన సంగతి చెప్పా, ఒక వేలు తీసేస్తే మెదడులో ఆ వేలి చోటులోకి పక్క వేళ్ళు వచ్చేశాయి. 1995లో ఎల్బర్ట్ బృందం వయొలిన్ లాంటి తీగ వాయిద్యాలు వాయించే వాళ్ళ ఎడమ చేతి వేళ్ళ చోటు మామూలు వాళ్ళకన్నా పెద్దగా ఉందని చూసింది. అంటే ఆ మ్యాప్ రాతి మీద చెక్కింది కాదు, వాడకాన్ని బట్టి మారుతుంది. చచ్చిపోయిన కణాలు తిరిగి రావు, చుట్టుపక్కల మిగిలినవి ఆ పని నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే పని ఇస్తానే ఉండాలి, ఊరికే ఉంచితే చేతిని వాడటం మానేసే అలవాటు ముదురుతుంది.

8 వారాలకి లెక్కలు ఇవి. రెండు మొనల పరీక్ష 12లో కూడా తెలీనిది 7 మిల్లీమీటర్లకి వచ్చింది. చూపుడు వేలు పొజిషన్ 10లో 9. వస్తువులు సున్నా నుంచి 7, పిన్నీసు, గుండీ, గవ్వ ఇంకా రావట్లేదు. టైము మాత్రం తేడానే, ఎడమ చేతికి రెండు సెకన్లు పట్టేది కుడి చేతికి ఎనిమిది పది పడుతోంది. అరచేతిలో అంకెలు సగం చెప్తోంది. చాపిన చేతి వేళ్ళు పాకడం బాగా తగ్గింది. గ్రిప్ కిలోల్లో ఏం మారలేదు, గ్లాసు మాత్రం పడెయ్యట్లేదు.

ఇదంతా నా ట్రైనింగ్ వల్లే అని చెప్పలేను. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నాలుగు నెలల్లో దానంతట అదే కొంత బాగుపడుతుంది, ఒక్క పేషెంట్‌లో ఆ రెండిటినీ విడదీసే దారి లేదు. స్ట్రోక్ వచ్చాక ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఇంట్లో వాళ్ళకి ఏ మార్పూ కనపడలేదు, ఆకుల పద్ధతి మొదలయ్యాక పది రోజుల్లో కదలిక కనపడింది, అంతవరకే నాకు తెలుసు. నేను మొదటి రోజే కళ్ళకి గుడ్డ కట్టి ఒక తాళంచెవి చేతిలో పెట్టి ఉంటే రెండు వారాలు ముందు మొదలయ్యేది. ఇప్పుడు నా టేబుల్ సొరుగులో ఒక గుడ్డ సంచి ఉంటుంది, దాంట్లో ఆ పది వస్తువులు. చెయ్యి బాగుందని కాగితంలో రాసి ఉన్న ప్రతి స్ట్రోక్ పేషెంట్‌కీ అది పెట్టాకే మిగతా పరీక్ష. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మన జిల్లాలో ఫిజియోలు, పీహెచ్‌సీ డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి చెయ్యండి.

ఏప్రిల్ చివర్లో పెద్దమ్మ మళ్ళీ షెడ్డుకి పోయింది, అప్పటికి సీజన్ ఇంకా ఉంది. మొదట్లో పూట పని. రంగు కుప్పలు కళ్ళతో చేస్తోంది, మందం అనుమానం వస్తే ఎడమ చేత్తో చూసుకుని, తర్వాత కుడి చేతికిచ్చి అదేమంటదో చూస్తదంట. పక్కన కూర్చునే ఆడోళ్ళకంటే వెనకబడుతోంది, కూలీ పూర్తిగా రావట్లేదు, ఆ బాధ ఉంది ఆమెకి, నాకూ ఉంది.

చేపల సంగతి. ట్రైనింగ్ ఐదో వారంలో ఇంట్లో మొదలుపెట్టించా, పెద్ద ముల్లు ఒక్కటే ఉండే ముక్కతో, కోడలు ఎదురుగా కూర్చుని చూస్తుండగా. పులుసు లేకుండా ముందు వేపుడు ముక్క, తర్వాత పొడన్నంలో కలిపిన ముక్క, ఆఖర్న పులుసు. ముద్ద కలిపేటప్పుడు పిసకబాకు, బొటనవేలితో మిగతా వేళ్ళ మీదికి జార్చు, ఆకుకి చేసినట్టే అని చెప్పా. ఆరు నెలల చెకప్‌కి వచ్చినప్పుడు రెండు మొనల పరీక్ష 6 దగ్గర ఆగిపోయింది, పిన్నీసు ఇంకా రాదు. చేపలు తింటున్నావా పెద్దమ్మా అంటే కోడలే ముందు మాట్లాడింది, మొన్న ఆదివారం కావలి నుంచి కూతురు వస్తే పులుసు చేశారంట, అందరూ మాటల్లో ఉంటే అత్తమ్మ కంచం అంచున వరసగా నాలుగు ముళ్ళు పెట్టి ఉన్నాయంట. "సన్నముల్లు ఒకటి నోట్లోకి వచ్చింది కానీ" అని పెద్దమ్మ అందుకుంది, "పెద్దయ్యి నాలుగూ చేతికే దొరికినయ్. ఆ సన్నదాని పని కూడా చెప్పు, ఏం చెయ్యాలో."

తర్వాత సెషన్‌కి సేమ్యా పుల్లలు తెప్పించి ఉంచా, అన్నంలో కలపడానికి.